ఓడరేవు కార్మికునికి హాని కలిగితే పూచీ ఎవరిది? - ఆస్ట్రేలియా హైకోర్టు 1999 తీర్పు, విశాఖ నేపథ్యం

ఓడరేవులో సరుకుల ఎగుమతి, దిగుమతి పనులు చేసే కార్మికుడు ఆ పని మూలంగా గాయపడినా, దశాబ్దాల తరువాత ప్రాణాంతక వ్యాధికి గురైనా బాధ్యత వహించవలసినది ఎవరన్న ప్రశ్నపై ఆస్ట్రేలియా హైకోర్టు 1999 నవంబరు 10న వెలువరించిన తీర్పు కార్మిక చట్టాల అమలుతో సంబంధం ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోదగినది. చట్టం ద్వారా ఏర్పడిన ఒక సంస్థ కార్మికునికి యజమాని కాకపోవచ్చు. అయినప్పటికీ అతనిని ఫలానా ఓడపై, ఫలానా పనికి వెళ్లమని ఆదేశించే అధికారం ఆ సంస్థకు ఉండి, అక్కడి ప్రమాదం దానికి తెలిసి లేదా తెలియవలసి ఉన్నప్పుడు, ఆ కార్మికుని విషయంలో తగిన జాగ్రత్త వహించవలసిన విధి దానిపై ఉంటుందని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5-2 మెజారిటీతో నిర్ణయించింది.

ఈ తీర్పు సుదూర దేశానికి సంబంధించినదే అయినా, విశాఖపట్నం రేవు చరిత్ర తెలిసిన వారికి అందులోని పరిస్థితులు కొత్తవి కావు. ఆస్ట్రేలియాలో ఉన్నటువంటి కార్మిక కేటాయింపు విధానమే విశాఖ రేవులో డాక్ లేబర్ బోర్డు ద్వారా దశాబ్దాల పాటు అమలులో ఉన్నది. ఆ బోర్డు కార్మికులకు యజమాని అవునా, కాదా అన్న వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లి పరిష్కారమైంది. ఒకే రకమైన ప్రశ్నకు రెండు దేశాల అత్యున్నత న్యాయస్థానాలు వేర్వేరు సందర్భాలలో ఇచ్చిన సమాధానాలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు, రేవు కార్మికునికి మన చట్టం కల్పించిన రక్షణ ఎక్కడ బలంగా ఉన్నదో, ఎక్కడ సన్నగిల్లుతున్నదో స్పష్టమవుతుంది.

న్యాయస్థానాల పేర్ల విషయంలో పాత్రికేయులు ఒక జాగ్రత్త పాటించవలసి ఉన్నది. ఆస్ట్రేలియాలో హైకోర్టు అంటే దేశంలోని అత్యున్నత న్యాయస్థానం. మన సుప్రీంకోర్టుకు సమానమైనది. అక్కడ సుప్రీంకోర్టు అన్న పేరు రాష్ట్ర స్థాయి న్యాయస్థానాలకు వర్తిస్తుంది. ఈ కేసు విక్టోరియా సుప్రీంకోర్టులో మొదలై, ఆ రాష్ట్ర అప్పీలు కోర్టు మీదుగా హైకోర్టుకు చేరింది. వార్తను తెలుగులో వ్రాసేటప్పుడు ఈ క్రమం తలక్రిందులైతే తీర్పు విలువే మారిపోతుంది.

పూటకొక యజమాని

కర్మాగారంలో యజమాని ఎవరన్న సందేహం సాధారణంగా తలెత్తదు. గేటు ఒకటి, హాజరు పట్టీ ఒకటి, జీతమిచ్చే చేయి ఒకటి. రేవులో అలా కాదు. ఓడ ఒకరిది. ఓడ ఆగే బెర్తు, రేవు గట్టు పోర్టు సంస్థవి. సరుకు మరొకరిది. ఆ సరుకును ఓడ గర్భం నుంచి పైకి తీయించే లేదా లోపల పేర్పించే పని స్టీవ్‌డోర్ అనే గుత్తేదారు సంస్థది. క్రేను పోర్టుది కావచ్చు, ఓడకే అమర్చినది కావచ్చు. వీరందరి నడుమ పనిచేసే కార్మికుడు ఉదయం ఒక స్టీవ్‌డోర్ కింద బొగ్గు దించి, మరునాడు ఇంకొకరి కింద ఎరువుల బస్తాలు మోయవచ్చు.

ఓడ రాక మీదనే పని ఆధారపడి ఉన్నందున పూర్వం రేవు కూలీలకు ఏ రోజు పని దొరుకుతుందో, ఏ రోజు దొరకదో తెలిసేది కాదు. మేస్త్రీల దయాదాక్షిణ్యాలపై సాగే ఈ పద్ధతిని తొలగించడానికి రెండవ ప్రపంచ యుద్ధానంతరం అనేక దేశాలు కార్మికులను నమోదు చేసి, వారిని ఉమ్మడి జాబితాలో ఉంచి, అవసరాన్ని బట్టి స్టీవ్‌డోర్లకు కేటాయించే విధానాన్ని చేపట్టాయి. బ్రిటన్‌లో 1947లో ఇటువంటి పథకం ప్రారంభమై 1989 వరకు కొనసాగింది. భారతదేశంలో 1948 నాటి డాక్ కార్మికుల (ఉద్యోగ నియంత్రణ) చట్టం ఇందుకు పునాది వేసింది. ఆ చట్టం కింద విశాఖపట్నం రేవుకు 1959లో పథకం రూపొందింది. ఆస్ట్రేలియాలో 1956 చట్టం ద్వారా ఏర్పడిన స్టీవ్‌డోరింగ్ ఇండస్ట్రీ అథారిటీ ఇదే పని నిర్వర్తించింది.

ఈ విధానం కార్మికునికి పని భద్రతను, కొంత గౌరవాన్ని కల్పించిందనడంలో సందేహం లేదు. అయితే దానితో పాటు ఒక చిక్కు కూడా వచ్చింది. నమోదు చేసేది, కేటాయించేది, క్రమశిక్షణ చర్య తీసుకునేది ఒక సంస్థ. పని చేయించుకునేది వేరొక సంస్థ. హాని కలిగినప్పుడు బాధితుడు ఎవరి తలుపు తట్టాలి?

ఈ చిక్కు కేటాయింపు బోర్డులకే పరిమితం కాదు. బ్రిటన్‌లో 1946లో ప్రభువుల సభ తీర్పు చెప్పిన ఒక ప్రసిద్ధ కేసులో లివర్‌పూల్ రేవును నిర్వహించే మెర్సీ డాక్స్ అండ్ హార్బర్ బోర్డు తన క్రేనును, దానిని నడిపే డ్రైవరుతో సహా, ఒక స్టీవ్‌డోర్ సంస్థకు అద్దెకు ఇచ్చింది. డ్రైవరు అజాగ్రత్త వల్ల మరొక వ్యక్తి గాయపడ్డాడు. అద్దె కాలంలో డ్రైవరు స్టీవ్‌డోర్ సేవకుడిగానే పరిగణింపబడాలని ఒప్పందంలో వ్రాసి ఉన్నప్పటికీ, ఇద్దరు యజమానులు తమలో తాము వ్రాసుకున్న షరతు నిర్ణాయకం కాదని, క్రేనును ఎలా నడపాలో నిర్దేశించే అధికారం ఎవరిదన్నదే ముఖ్యమని ప్రభువుల సభ పేర్కొని, పూచీ బోర్డుదేనని తేల్చింది. తాను ఎవరి ఆదేశాలూ తీసుకోనని ఆ డ్రైవరు సాక్ష్యంలో చెప్పిన మాట న్యాయశాస్త్ర విద్యార్థులకు నేటికీ గుర్తుండిపోయే మాట.

మెల్‌బోర్న్ కేసు

ఆస్ట్రేలియా కేసులోని కార్మికుడు 1961 నుంచి 1965 వరకు మెల్‌బోర్న్ రేవులో నమోదిత కార్మికునిగా పనిచేశాడు. ఆ రోజులలో ఆస్‌బెస్టాస్ ముడిపదార్థం గోనె సంచులలో ఓడలపై వచ్చేది. సంచులు చిరిగి, ఓడ గర్భంలో గాలి ఆడని చోట నార ధూళి లేచేది. కార్మికులు దానిని పీలుస్తూనే పనిచేసేవారు. సుమారు నాలుగేళ్ల తరువాత అతడు ఆ పని వదలివేశాడు. మూడు దశాబ్దాలు గడిచిన పిమ్మట అతనికి మెసోథెలియోమా అనే వ్యాధి ఉన్నట్లు బయటపడింది. ఊపిరితిత్తులను కప్పి ఉంచే పొరకు సోకే ఈ క్యాన్సర్‌కు ఆస్‌బెస్టాస్ ధూళి ప్రధాన కారణం. ధూళి పీల్చిన కాలానికి, వ్యాధి లక్షణాలు కనిపించే కాలానికి నడుమ ఇరవై నుంచి యాభై ఏళ్ల వ్యవధి ఉండవచ్చు. ఇదే ఈ కేసుకు కీలకం.

ఆ నాలుగేళ్లలో అతడు అనేక మంది స్టీవ్‌డోర్ల కింద పనిచేశాడు. కొన్ని పనులు కొన్ని గంటలలోనే ముగిసేవి. ఏ స్టీవ్‌డోర్ ఓడపై పీల్చిన ధూళి వ్యాధికి కారణమైనదో నిరూపించడం సులభం కాదు. అందువలన అతడు స్టీవ్‌డోర్లను కాక, తనను ఆ పనులకు కేటాయించిన అథారిటీని బాధ్యురాలిగా చేస్తూ దావా వేశాడు. అథారిటీ అప్పటికే లేదు. 1977లో దానిని రద్దు చేసి, దాని ఆస్తులను, పూచీలను స్టీవ్‌డోరింగ్ ఇండస్ట్రీ ఫైనాన్స్ కమిటీ అనే వేరొక సంస్థకు బదలాయించారు. కనుక ప్రతివాది ఆ కమిటీ అయింది.

విచారణ కోర్టులో జ్యూరీ కార్మికుని పక్షాన తీర్పు ఇచ్చింది. రాష్ట్ర అప్పీలు కోర్టు దానిని కొట్టివేసింది. ఆ కార్మికుడు మరణించగా, అతని వీలునామా నిర్వాహకురాలు హైకోర్టులో అప్పీలును కొనసాగించారు. నష్టపరిహారం కోరిన వ్యక్తి తుది నిర్ణయం వినడానికి జీవించి ఉండకపోవడం వృత్తిరోగ వ్యాజ్యాలలో అరుదైన విషయం కాదు.

హైకోర్టు ముందు రెండు ప్రశ్నలు నిలిచాయి. మొదటిది, యజమాని కాని అథారిటీకి జాగ్రత్త వహించవలసిన విధి ఉన్నదా? రెండవది, 1977 నాటికి వ్యాధి బయటపడనే లేదు. నష్టం సంభవించక ముందే రద్దయిన సంస్థ పూచీ వారసత్వంగా కమిటీకి సంక్రమించిందా?

మొదటి ప్రశ్నపై ప్రధాన న్యాయమూర్తి గ్లీసన్, న్యాయమూర్తులు గాడ్రన్, మెక్‌హ్యూ, కిర్బీ, కాలినన్ వేర్వేరుగా కారణాలు వ్రాసినా, ప్రధానాంశంలో ఏకీభవించారు. అథారిటీ కేవలం పేర్లు నమోదు చేసే కార్యాలయం కాదు. ఏ కార్మికుడు ఎక్కడికి వెళ్లాలో అది నిర్ణయించేది. వెళ్లనన్న వాని నమోదును నిలిపివేయగల అధికారం దానికి ఉండేది. సురక్షితమైన పని పద్ధతులను ప్రోత్సహించడం, అవసరమైన చోట కార్మికులకు రక్షణ సామగ్రి సమకూర్చడం దాని విధులలో ఒకటిగా 1956 చట్టంలోనే ఉన్నది. కార్మికుని స్థితి ఇందుకు భిన్నం. అతనికి స్థిరమైన యజమాని లేడు. ఈ రోజు పని చేయించుకున్న స్టీవ్‌డోర్‌కు రేపు అతని ఆరోగ్యంతో నిమిత్తం లేదు. అన్ని ఓడలనూ, అన్ని సరుకులనూ, అందరు కార్మికులనూ ఏళ్ల తరబడి గమనించే అవకాశం ఉన్నది అథారిటీకి మాత్రమే.

చట్టబద్ధ సంస్థలపై ఇటువంటి విధి ఎప్పుడు ఏర్పడుతుందో తేల్చడానికి న్యాయమూర్తి మెక్‌హ్యూ ఆరు ప్రశ్నలను సూచించారు. అధికారులకు ఇవి ప్రత్యేకంగా ఉపయోగపడతాయి. తాము చర్య తీసుకోకపోతే హాని కలుగుతుందని ఊహించగలిగే స్థితిలో సంస్థ ఉన్నదా? ప్రజానీకాన్ని మొత్తంగా కాక, బాధితుడు చెందిన నిర్దిష్ట వర్గాన్ని రక్షించే అధికారం దానికి ఉన్నదా? తనను తాను కాపాడుకోలేని నిస్సహాయ స్థితిలో బాధితుడు ఉన్నాడా? ఆ వర్గానికి పొంచి ఉన్న ప్రమాదం సంస్థకు తెలుసునా, లేక తెలియవలసి ఉన్నదా? ఈ నాలుగింటికీ అవునన్న సమాధానం రావాలి. మిగిలిన రెండింటికీ కాదన్న సమాధానం రావాలి. అవి ఏమనగా, ఈ విధిని అంగీకరిస్తే ప్రభుత్వ మౌలిక విధాన నిర్ణయాలకు లేదా శాసన స్వభావం గల అధికారాలకు సంస్థను బాధ్యురాలిని చేసినట్లవుతుందా? విధిని నిరాకరించడానికి బలమైన ఇతర విధాన కారణాలు ఏవైనా ఉన్నాయా?

అయిదవ ప్రశ్న లేకుంటే ప్రభుత్వ సంస్థలు ఏ నిర్ణయానికైనా కోర్టు మెట్లెక్కవలసి వచ్చేదన్న విషయం గమనార్హం. పరిశ్రమ మొత్తానికి వర్తించే ఉత్తర్వులు జారీ చేయలేదన్న కారణంగా అథారిటీని తప్పు పట్టలేమని మెక్‌హ్యూ స్పష్టం చేశారు. ప్రమాదం ఉన్న చోటికి మనిషిని పంపుతూ, ఆ ప్రమాదం గురించి అతనిని హెచ్చరించకపోవడం, రక్షణ గురించి పట్టించుకోకపోవడం మాత్రం వేరే సంగతి. విధాన రూపకల్పనకు, దైనందిన నిర్వహణకు మధ్య ఈ గీతను గీయడంలోనే తీర్పు విలువ ఉన్నది.

న్యాయమూర్తులు గమ్మో, హేన్ భిన్నాభిప్రాయం వ్యక్తం చేశారు. కార్మికుని భద్రత బాధ్యత యజమానులైన స్టీవ్‌డోర్లపై ముందే ఉన్నదని, చట్టం అథారిటీకి ఇచ్చిన అధికారాల స్వభావాన్ని బట్టి అటువంటి మరొక విధిని దానిపై మోపడానికి ఆస్కారం లేదన్నది వారి దృక్పథం. ఇది తేలికగా తీసివేయదగిన వాదన కాదు. బాధ్యత ఇద్దరి మధ్య పంచినప్పుడు ఎవరికి వారు ఎదుటివారే చూసుకుంటారని ఊరకుండే ప్రమాదం పరిపాలనా అనుభవం ఉన్నవారికి తెలియనిది కాదు.

రెండవ ప్రశ్నపైనా మెజారిటీ నిర్ణయం కార్మికునికే అనుకూలించింది. నష్టం తరువాత బయటపడినా, దానికి మూలమైన నిర్లక్ష్యం అథారిటీ జీవించి ఉన్న కాలంలోనిదే కనుక, బదలాయింపు చట్టంలోని ‘పూచీలు’ అన్న పదంలో అప్పటికి ఇంకా పక్వం కాని పూచీలు కూడా ఇమిడి ఉన్నాయని కోర్టు అర్థం చెప్పింది. సంస్థలను రద్దు చేసేటప్పుడు, విలీనం చేసేటప్పుడు బిల్లులోని ఒక్క పదం ఎంత దూరం వెళ్తుందో ఇది చూపుతున్నది.

విశాఖ బోర్డుపై సుప్రీంకోర్టు తీర్పు

1933లో ప్రారంభమైన విశాఖపట్నం రేవులో ఇనుప ఖనిజం, మాంగనీసు మొదలైన సరుకుల రవాణా పెరిగే కొద్దీ కళాసీల సంఖ్య, వారి సంఘాల బలం పెరిగాయి. 1959 పథకం కింద డాక్ లేబర్ బోర్డు ఏర్పడిన తరువాత నమోదిత కార్మికుల బోనస్ విషయమై వివాదం తలెత్తింది. కార్మికులకు యజమాని బోర్డా, స్టీవ్‌డోర్లా అన్నది తేలకుండా బోనస్ చెల్లింపు తేలదు. బోర్డుకూ, స్టీవ్‌డోర్ల సంఘానికీ మధ్య ఈ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. కార్మికులను నమోదు చేసినంత మాత్రాన, కేటాయించినంత మాత్రాన, క్రమశిక్షణ చర్యలు తీసుకున్నంత మాత్రాన బోర్డు యజమాని కాజాలదని, కార్మికుడు ఎవరికి కేటాయింపబడి ఎవరి పని చేస్తున్నాడో ఆ నమోదిత స్టీవ్‌డోరే యజమాని అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మెల్‌బోర్న్ కేసులోనూ అథారిటీ యజమాని అని ఎవరూ తేల్చలేదు. ఆ మేరకు రెండు తీర్పుల మధ్య వైరుధ్యం లేదు. విశాఖ కేసు బోనస్‌కు సంబంధించినది. బోనస్ చెల్లించవలసినది యజమాని గనుక అక్కడితో విషయం ముగిసింది. హాని విషయంలో ‘యజమాని కాదు’ అన్న సమాధానంతో విషయం ముగియదని, అక్కడి నుంచి మరొక ప్రశ్న మొదలవుతుందని ఆస్ట్రేలియా హైకోర్టు చూపింది. విదేశీ తీర్పులు మన న్యాయస్థానాలపై నిర్బంధకాలు కావు. వాటి తర్కం నచ్చితే పరిగణనలోకి తీసుకోవచ్చు, అంతే. మహారాష్ట్రలో 1969 చట్టం కింద మాథాడీ కార్మికులకు, కేరళలో 1978 చట్టం కింద చుమట్టు కార్మికులకు ఇటువంటి బోర్డులే ఉన్నందున ఈ ప్రశ్న రేవు గోడల వద్ద ఆగిపోయేది కాదు.

విశాఖ డాక్ లేబర్ బోర్డు 2008లో పోర్టు సంస్థలో విలీనమైంది. పూర్వం బోర్డు జాబితాలో ఉన్నవారి సేవా వివరాలు, ఎవరెవరు ఏ సరుకుపై పనిచేశారన్న వివరాలు భద్రంగా ఉండటం ఎంత అవసరమో మెల్‌బోర్న్ కార్మికుని ఉదంతం చెప్పకనే చెబుతున్నది.

మన చట్టంలో మార్గాలు

భారతదేశంలో గాయపడిన కార్మికునికి ప్రధాన ఆధారం 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. 2009 సవరణతో, 2010 జనవరి 18 నుంచి దీని పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. ఆస్ట్రేలియా కార్మికుని వలె యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించవలసిన పని ఇందులో లేదు. ఉద్యోగ కారణంగా, ఉద్యోగ నిర్వహణలో ప్రమాదం జరిగిందని చూపితే చాలును. మద్యం మత్తు, భద్రతా నియమాల ఉద్దేశపూర్వక ఉల్లంఘన వంటి మినహాయింపులు సైతం మరణానికి గాని, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి గాని దారితీసిన ప్రమాదాలకు వర్తించవు.

పలువురు యజమానులున్న రేవు పనికి ఈ చట్టంలోని 12వ సెక్షను ఎంతో ముఖ్యమైనది. తన వ్యాపారంలో సాధారణ భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన అసలు యజమాని, ఆ కాంట్రాక్టరు కార్మికుడు తన ఆవరణలో గాయపడితే స్వయంగా తానే నియమించినట్లుగా పరిహారం చెల్లించాలి. తరువాత ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. కార్మికుడు కోరుకుంటే నేరుగా కాంట్రాక్టరు నుంచే పొందవచ్చు. కాంట్రాక్టరు దివాలా తీశాడని, ఊరు విడిచి వెళ్లాడని చెప్పి అసలు యజమాని తప్పించుకోవడానికి వీలులేదు. పరిహార హక్కును వదులుకుంటున్నట్లు కార్మికుని చేత వ్రాయించుకున్న కాగితం 17వ సెక్షను ప్రకారం చెల్లదు.

పరిహారం లెక్క వయస్సును, వేతనాన్ని బట్టి ఉంటుంది. మరణం సంభవిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని, శాశ్వత సంపూర్ణ వైకల్యం కలిగితే 60 శాతాన్ని వయస్సుకు నిర్దేశించిన గుణకంతో హెచ్చించాలి. లెక్కకు తీసుకొనే నెల వేతన పరిమితి 2020 జనవరి 3 నుంచి రూ.15,000. ఉదాహరణకు 40 ఏళ్ల కార్మికునికి గుణకం 184.17. రూ.15,000 వేతనంపై మరణ పరిహారం రూ.13,81,275, సంపూర్ణ వైకల్యానికి రూ.16,57,530 అవుతుంది. ప్రమాదం జరిగిన నాడే పరిహారం చెల్లించవలసి ఉంటుందని ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నిర్ణయించింది. నెల రోజులలో చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సమర్థనీయ కారణం లేకుంటే 50 శాతం వరకు అపరాధ రుసుము పడతాయి. బీమా సంస్థ పరిహారాన్ని, వడ్డీని భరించినా, అపరాధ రుసుము యజమాని చేతి నుంచే పోవలసి ఉంటుందని 1997లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

గొలుసు తెగి సరుకు మీద పడటం, ఓడ గర్భంలోకి జారిపడటం వంటి ప్రమాదాలలో ఈ ఏర్పాటు సవ్యంగానే పనిచేస్తుంది. చిక్కు వ్యాధుల విషయంలో వస్తుంది. 1923 చట్టం మూడవ షెడ్యూలులోని ‘బి’ భాగంలో ఆస్‌బెస్టాస్ వల్ల కలిగే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా చేరి ఉన్నాయి. అయితే ఈ భాగంలోని వ్యాధులకు పరిహారం పొందాలంటే కార్మికుడు ఒకే యజమాని వద్ద ఎడతెగకుండా కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి. అదే పనిని మరొక యజమాని వద్ద చేసిన కాలం లెక్కలోకి రాదు. పూటకొక స్టీవ్‌డోర్ కింద పనిచేసే కార్మికుడు ముప్పై ఏళ్లు రేవులో శ్రమించినా ఈ నియమం ముందు నిలవడం కష్టం. విశాఖ కేసు తీర్పు ప్రకారం స్టీవ్‌డోరే యజమాని గనుక బోర్డు కింద గడిచిన సర్వీసును చూపి ఆరు నెలలు పూర్తయినవని వాదించడమూ సులభం కాదు.

‘సి’ భాగంలోని వ్యాధులకు, అంటే ఆస్‌బెస్టోసిస్, సిలికోసిస్ వంటి వాటికి, చట్టం ఇంతకంటే ఉదారంగా వ్యవహరించింది. కార్మికుడు ఒకరి కంటే ఎక్కువ మంది యజమానుల కింద పనిచేసి ఉంటే, కమిషనర్ న్యాయమని తలచిన నిష్పత్తిలో వారందరూ పరిహారాన్ని పంచుకొని చెల్లించాలని 3(2ఎ) సెక్షను చెబుతున్నది. రేవు పని స్వభావానికి సరిగ్గా సరిపోయే నిబంధన ఇది. ఒకే ధూళి కలిగించే ఆస్‌బెస్టోసిస్‌కు ఇది వర్తించి, అంతకంటే ప్రాణాంతకమైన మెసోథెలియోమాకు వర్తించకపోవడం సమర్థించుకోలేని వ్యత్యాసం.

కాల పరిమితి మరొక అడ్డంకి. ప్రమాదం లేదా మరణం జరిగిన రెండేళ్లలోగా క్లెయిము దాఖలు చేయాలి. పని మానివేసిన వ్యక్తికి మానిన రెండేళ్లలోగా వృత్తిరోగ లక్షణాలు బయటపడితే, అవి మొదట కనిపించిన రోజును ప్రమాద దినంగా భావించాలని 10వ సెక్షను చెబుతున్నది. తగిన కారణం ఉన్నప్పుడు జాప్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉన్నది. అయినప్పటికీ, 1965లో పని మాని మూడు దశాబ్దాల తరువాత వ్యాధిగ్రస్తుడైన మెల్‌బోర్న్ కార్మికుని వంటివారిని ఈ రెండేళ్ల చట్రంలో ఇమడ్చడం సాధ్యం కాదు. అటువంటి వారికి మిగిలేది సివిల్ కోర్టులో నిర్లక్ష్యం నిరూపించి నష్టపరిహారం కోరే మార్గం. అక్కడే ఆస్ట్రేలియా తీర్పులోని తర్కం అక్కరకు వస్తుంది. కమిషనర్ ఎదుట క్లెయిము వేసిన తరువాత అదే గాయానికి సివిల్ దావా వేయడానికి 3(5) సెక్షను అంగీకరించదు కనుక, ఏ మార్గమో ముందుగానే ఎంచుకోవాలి.

ఆస్‌బెస్టాస్ విషయంలో సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఇచ్చిన మరొక తీర్పు ఇక్కడ ప్రస్తావించదగినది. కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ దాఖలు చేసిన వ్యాజ్యంలో, కార్మికుని ఆరోగ్య హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని న్యాయస్థానం ప్రకటించింది. ఆస్‌బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా ఉద్యోగం ముగిసిన తరువాత 15 ఏళ్లు, వీటిలో ఏది తరువాత వస్తే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. వ్యాధి నిదానంగా బయటపడుతుంది గనుక కాగితం కూడా అంతకాలం బ్రతికి ఉండాలన్నది ఈ ఆదేశం ఆంతర్యం. ఆదేశం ఆ పరిశ్రమలనుద్దేశించినది. భారతదేశం నేటికీ క్రిసోటైల్ ఆస్‌బెస్టాస్‌ను దిగుమతి చేసుకుంటున్నందున, అది కర్మాగారానికి చేరకముందు రేవులో దానిని దించేవారి రికార్డుకూ అదే తర్కం వర్తించాలని చెప్పడం అతిశయోక్తి కాదు.

కొత్త కోడ్‌లు

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. 1923 చట్టం స్థానాన్ని సామాజిక భద్రతా కోడ్, 2020లోని ఏడవ అధ్యాయం, 1986 నాటి డాక్ కార్మికుల (భద్రత, ఆరోగ్యం, సంక్షేమం) చట్టం స్థానాన్ని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 ఆక్రమించాయి. కమిషనర్ అన్న పేరుకు బదులు సామాజిక భద్రతా కోడ్ ‘సమర్థ అధికారి’ అన్న పదాన్ని వాడుతున్నది. పరిహార మొత్తాన్ని ప్రమాదం జరిగిన నాటి చట్టం ప్రకారమే లెక్కించాలని సుప్రీంకోర్టు నిర్ణయించి ఉన్నందున, ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాల ఫైళ్లలో పాత చట్టం సెక్షన్లను అధికారులు ఇంకా కొంతకాలం తిరగవేయవలసి ఉంటుంది.

పాత చట్టం కింద ఇచ్చిన పరిహార ఉత్తర్వులపై హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు. అయితే ముఖ్యమైన న్యాయపరమైన ప్రశ్న ఇమిడి ఉంటేనే అది విచారణకు స్వీకరింపబడుతుంది. యజమాని అప్పీలు చేయదలిస్తే ముందుగా పరిహార మొత్తాన్ని జమ చేసినట్లు ధ్రువపత్రం జతపరచాలి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన అప్పీళ్లు 2019 జనవరి 1 నుంచి అమరావతిలోని హైకోర్టు పరిధిలోకి వచ్చాయి.

మరణ ప్రమాదాలలో తరచు జరిగే ఒక పొరపాటును వార్తలు వ్రాసేవారు, విచారణ జరిపే అధికారులు గుర్తించవలసి ఉన్నది. యజమానో, కాంట్రాక్టరో మృతుని ఇంటికి వెళ్లి కుటుంబ సభ్యుల చేతిలో కొంత మొత్తం పెట్టి, పరిహారం చెల్లించినట్లు ప్రకటించడం పరిపాటి. మూడు నెలల వేతనానికి మించని అడ్వాన్సు మినహా, కమిషనర్ వద్ద జమ చేయకుండా నేరుగా ఇచ్చిన మొత్తాన్ని 1923 చట్టం 8వ సెక్షను పరిహారం చెల్లింపుగా గుర్తించదు. ఆ సొమ్ము ముట్టినట్లు సంతకం చేసిన భార్యకు, పిల్లలకు పూర్తి పరిహారం కోరే హక్కు అలాగే నిలిచి ఉంటుంది.